నడిసముద్రంలో దినచర్య: తెరచాప యాట్‌లో సముద్రం దాటబోయేవాళ్ళ కోసం

ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా మన తీరంలో పెరిగినవాళ్ళకు సముద్రం కొత్త కాదు. వేటకు వెళ్ళే ఇళ్ళు, గుజరాత్‌లోని వేరావల్ బోట్ల మీద నెలల తరబడి ఉండి వచ్చే ఇళ్ళు, మర్చంట్ నేవీ జీతం మీద నడిచే ఉద్దానం ఇళ్ళు అందరికీ తెలిసినవే. ఈ మధ్య కొందరు పిల్లలు ఇంకో దారి గురించి అడుగుతున్నారు. తెరచాపతో నడిచే యాట్‌లో క్రూగా, అంటే పడవ సిబ్బందిగా చేరి సముద్రం దాటాలని వాళ్ళ కోరిక. "ఈత వచ్చు, తాత పడవ మీద తిరిగాను, చాలదా?" అంటారు. ఈత మంచిదే, పడవ అలవాటు ఇంకా మంచిది. కానీ వేట పడవ పని అయ్యాక ఒడ్డుకు వచ్చేస్తుంది. ఓడలో వంటకు వేరే మనిషి, ఇంజనుకు వేరే మనిషి ఉంటారు. యాట్ మాత్రం నలభై, నలభై ఐదు అడుగుల పొడవుంటుంది. అందులో నలుగురో ఐదుగురో మనుషులు. రెండు మూడు వారాలు ఒడ్డు కనపడదు. వంటా వాళ్ళే, కాపలా వాళ్ళే, మెకానిక్కూ డాక్టరూ కూడా వాళ్ళే.

అక్కడ మనిషిని నిలబెట్టేది ధైర్యం కన్నా దినచర్య. నిద్ర, నీళ్ళు, తిండి, కాపలా వేళకు జరిగితే గాలివానను కూడా తట్టుకుంటారు. ఈ నాలుగూ గాడి తప్పితే ఎండ కాస్తున్న రోజునే ప్రమాదం వస్తుంది. అందుకే ఇక్కడ తెరచాప ఎలా ఎత్తాలో చెప్పడం లేదు. అది కెప్టెన్ నేర్పుతారు. రోజు ఎలా గడపాలో చెబుతున్నాను.

అమ్మాయిలు వెళ్ళొచ్చా అని అడిగేవాళ్ళకు ఒక్క మాట. 2017 సెప్టెంబరు 10న గోవాలో బయలుదేరి, భూమిని చుట్టి 2018 మే 21న తిరిగొచ్చిన నౌకాదళ తెరచాప పడవ ఐఎన్ఎస్‌వీ తారిణిలో ఉన్న ఆరుగురూ మహిళలే. వాళ్ళలో పి.స్వాతి మన పక్కనున్న విశాఖ అమ్మాయి. అదే పడవలో 2024 అక్టోబరు నుంచి 2025 మే వరకు దిల్నా, రూప అనే ఇద్దరు అధికారులు ఇద్దరే భూమి చుట్టి వచ్చారు. కాబట్టి ఆ ప్రశ్న అయిపోయింది.

బయలుదేరే ముందు

దూరం లెక్క ముందు బుర్రకెక్కించుకోండి. మామూలు యాట్ గంటకు 5, 6 నాటికల్ మైళ్ళు నడుస్తుంది. ఒక నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు, ఇక్కడి నుంచి మైలు అన్నదల్లా అదే. పగలూ రాత్రీ ఆగకుండా నడిస్తే రోజుకు 120 నుంచి 150 మైళ్ళు. మన లెక్కలో చెప్పాలంటే ఇరవై నాలుగు గంటలు నడిచాక శ్రీకాకుళంలో బయలుదేరినవాళ్ళు తుని దాటి ఉంటారు, అంతే. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) సుమారు 1200 కిలోమీటర్లు, గాలి అనుకూలిస్తే ఐదారు రోజులు. కానరీ దీవుల నుంచి కరీబియన్ దీవులకు అట్లాంటిక్ దాటే దారి దాదాపు 2700 మైళ్ళు, మూడు వారాల పని.

ఏ నెలలో వెళ్తున్నారో అడగండి. బంగాళాఖాతంలో ఏప్రిల్, మే నెలలూ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకానూ తుపానుల కాలం. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ ఏం చేశాయో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. తిత్లీ తీరం దాటింది వజ్రపుకొత్తూరు దగ్గరే. జనవరి నుంచి మార్చి దాకా గాలి నెమ్మదిగా ఉంటుంది, తుపాను అరుదు. అట్లాంటిక్ దాటే పడవలు నవంబరు చివర్లో, డిసెంబరులో బయలుదేరేది కూడా అక్కడి హరికేన్ల కాలం అయ్యాకనే. "ఏం కాదులే, మే నెలలో వెళ్ళిపోదాం" అనే యజమాని ఎంత మంచివాడైనా ఆ పడవ ఎక్కకండి.

కాగితాల సంగతి క్లుప్తంగా. పాస్‌పోర్టు, వీసాలు, బీమా మీ చేతిలో ఉండాలి. సముద్ర భద్రతపై ప్రాథమిక శిక్షణ సర్టిఫికెట్ ఉంటే మంచి పడవ దొరుకుతుంది. సముద్రం మీద ఉద్యోగం ఇప్పిస్తామని లక్షలు అడిగే ఏజెంట్ల చేతుల్లో మోసపోయినవాళ్ళు మన మండలాల్లో చాలామంది ఉన్నారు. పడవ యజమానితో నేరుగా మాట్లాడండి, పాత క్రూ ఇద్దరి నంబర్లు తీసుకుని అడగండి, పడవను కళ్ళారా చూసే దాకా ఎవరికీ డబ్బు ఇవ్వకండి.

ఇంట్లో చెప్పాల్సిన పని మాత్రం తీరిగ్గా చేయండి. మన ఊళ్ళలో సముద్రం మీదకు వెళ్ళిన మనిషి కోసం ఎదురుచూడడం అంటే ఏమిటో ప్రతి తల్లికీ తెలుసు. ఒడ్డు నుంచి కొన్ని మైళ్ళు వెళ్ళగానే ఫోన్ సిగ్నల్ పోతుంది. తరువాత శాటిలైట్ పరికరం నుంచి పంపే చిన్న మెసేజీలే దిక్కు. ఆ పరికరం తడిసినా, బ్యాటరీ అయిపోయినా రెండు రోజులు మాట రాకపోవచ్చు. "రెండు రోజులు మెసేజ్ రాకపోతే కంగారు పడొద్దు, ఫలానా రోజు దాటితే ఫలానా వాళ్ళకు ఫోన్ చేయండి" అని ముందే చెప్పండి. ఒక కాగితం మీద పడవ పేరు, రంగు, దారి, చేరాల్సిన తేదీ, ఎక్కినవాళ్ళ పేర్లు రాసి ఇంట్లో గోడకు అంటించండి. మన కోస్ట్ గార్డ్ సహాయ నంబరు 1554 కూడా దాని మీదే ఉండాలి.

మొదటి మూడు రోజులు

మొదటి మూడు రోజులు వాంతులతో పోరాటమే. జాలరి ఇంట్లో పుట్టాను కాబట్టి నాకు రాదు అనుకోవద్దు. వేట పడవలో ఎప్పుడూ పైనే ఉంటాం, కళ్ళకు నీళ్ళూ ఆకాశం కలిసే నీటిగీత కనిపిస్తూ ఉంటుంది. యాట్‌లో కిందికి దిగి ముడుచుకుని వంట చేయాలి, మ్యాపు చూడాలి. చెవి కదులుతున్నానంటుంది, కన్ను కదలడం లేదంటుంది. ఆ తగువులోంచి వచ్చేదే ఈ జబ్బు.

డాక్టరును అడిగి సిన్నరిజిన్ లాంటి మాత్ర ముందు రోజు రాత్రే మొదలుపెట్టండి. కడుపు తిప్పడం మొదలయ్యాక మింగితే అది లోపల నిలవదు. ముందురోజు నూనె వంటలు, మద్యం వద్దు. పడవ ఎక్కాక పైన కూర్చుని దూరంగా నీటిగీతను చూడండి. చుక్కాని పట్టుకుంటే ఇంకా మంచిది. చేతికి పని ఉంటే కడుపు మర్చిపోతుంది. కిందికి వెళ్ళాల్సి వస్తే వెంటనే పడుకోండి, పడవ మధ్యలో, వీలైనంత కింద, కళ్ళు మూసుకుని. అల్లం ముక్క, మరమరాలు, ఉప్పు బిస్కెట్టు కొంచెం కొంచెం తినండి. ఖాళీ కడుపు ఇంకా ఇబ్బంది పెడుతుంది.

వాంతికి బకెట్టు వాడండి. రెయిలింగు మీదికి వంగకండి. నీరసంగా ఉన్న మనిషి, ఊగే పడవ, ఒక్క కెరటం చాలు. ఓఆర్‌ఎస్ కలిపిన నీళ్ళు చెంచా చెంచాగా అయినా లోపలికి పోవాలి. రోజంతా నీళ్ళు కూడా నిలవకపోతే, మూత్రం తగ్గిపోతే సిగ్గుపడకుండా కెప్టెన్‌కు చెప్పండి. మూడో రోజు సాయంత్రానికి చాలామందికి ఒక్కసారి ఆకలి వేస్తుంది. ఇక అక్కడి నుంచి దారిలో పడ్డట్టే.

కాపలా

సముద్రం మీద రోజును కట్టి ఉంచేది కాపలా. నలుగురుంటే ఒక్కొక్కరు మూడు గంటలు కాపలా, తొమ్మిది గంటలు విరామం. ముగ్గురైతే మూడు గంటల పని, ఆరు గంటల విరామం. కొందరు కెప్టెన్లు రోజూ వేళలు మారుస్తారు. నా మటుకు వేళలు మారకపోవడమే మంచిది, నాలుగో రోజుకు ఒళ్ళు అలవాటు పడి అలారం లేకుండానే మెలకువ వస్తుంది. అందరికన్నా కష్టం అర్ధరాత్రి నుంచి మూడింటి దాకా చేసేవాళ్ళది.

కాపలాలో మొదటి నియమం: పది నిమిషాలకొకసారి లేచి నిలబడి చుట్టూ పూర్తిగా చూడాలి. ఎందుకో లెక్క చెబుతాను. యాట్‌లో నిలబడిన మనిషికి నీటిగీత మూడు మైళ్ళకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. పెద్ద ఓడల లైట్లు అంతకన్నా ముందే కనపడతాయి గానీ మబ్బూ జల్లూ ఉంటే ఆ భరోసా లేదు. కంటెయినర్ ఓడ గంటకు 20 మైళ్ళ వేగంతో వస్తుంది. అంటే మీరు ఏమీ లేదని కూర్చున్నాక పావుగంటలోపు అది మీ మీద ఉండొచ్చు. దాని మీద ఉన్నవాళ్ళకు మీరు కనపడ్డారని ఎప్పుడూ అనుకోకండి. ఏఐఎస్ (ఓడలు తామెక్కడున్నాయో రేడియోలో పంపే పరికరం) తెర మీద ఓడల పేర్లు, వేగం వస్తాయి, మంచి సాయం. కానీ దాన్ని ఆపేసి తిరిగే చిన్న పడవలు ఉంటాయి. మన వేట పడవల్లోనే ఎన్నింటికి ఉందో ఆలోచించండి. కన్నే అసలు కాపలా.

రాత్రి ఓడల లైట్లు చదవడం వారం ముందే నేర్చుకోండి. ఎడమ పక్క ఎరుపు, కుడి పక్క ఆకుపచ్చ, వెనక తెలుపు. ఎరుపూ ఆకుపచ్చా రెండూ ఒకేసారి కనిపిస్తే ఆ ఓడ నేరుగా మీ వైపే వస్తోంది, కెప్టెన్‌ను లేపండి. ఒకే రంగు కనిపిస్తున్నా, దిక్సూచి మీద ఆ ఓడ ఉన్న దిక్కు మారకుండా దగ్గరవుతుంటే అదీ ప్రమాదమే. చేతిలో ఎర్ర టార్చి మాత్రమే ఉంచుకోండి. చీకటికి కళ్ళు పూర్తిగా అలవాటు పడటానికి అరగంట పడుతుంది, ఫోన్ తెర ఒక్కసారి చూస్తే ఆ అరగంటా పోయినట్టే.

గంటకొకసారి లాగ్ పుస్తకంలో రాయాలి. ఎక్కడ ఉన్నాం, ఏ దిక్కు, ఎంత వేగం, గాలి ఎటు నుంచి ఎంత, బ్యాటరీ వోల్టేజి, బారోమీటరు. బారోమీటరు విషయంలో చాలామంది పొరపడతారు. మన వైపు వేడి సముద్రాల్లో గాలి ఒత్తిడి రోజుకు రెండుసార్లు దానంతటదే కొద్దిగా పెరిగి తగ్గుతుంది. ఉదయం, రాత్రి పదింటి ప్రాంతంలో ఎక్కువ, తెల్లవారుజాము, మధ్యాహ్నం నాలుగింటి ప్రాంతంలో తక్కువ. అందుకని గంట క్రితం అంకెతో కాదు, నిన్న ఇదే వేళ అంకెతో పోల్చండి. 3 మిల్లీబార్లు తగ్గి ఉంటే అనుమానించాలి. 5 తగ్గితే తుపాను ఎక్కడో దగ్గర్లో ఉందనే లెక్క. అర్ధరాత్రి అయినా లేపడానికి మొహమాటం వద్దు. లేపినందుకు కోప్పడే కెప్టెన్ మంచి కెప్టెన్ కాదు.

కాపలా అప్పగించడం ఒక పద్ధతిగా జరగాలి. పావుగంట ముందే లేపి, టీ పెట్టి, వచ్చిన మనిషి కళ్ళు చీకటికి అలవాటు పడే దాకా మీరు అక్కడే ఉండాలి. భావనపాడు వైపు పెద్దాయన ఒకరితో కలిసి కాపలా చేశాను. చిన్నాన్నా అని పిలిచేవాణ్ణి. మూడింటికి నేను పైకి రాగానే ఆయన కప్పు నా చేతిలో పెట్టి వరసగా చెప్పేవారు. "ఎడం పక్కన ఓడుంది సూడు, ఎర్రలైటు. మనకి ఎదురొచ్చి దాటిపోతంది, పర్లేదు. గాలి ఇందాకటి కన్నా కొంచెం ఎక్కింది. ముందు తెరచాప తాడు ఒకటి రాసుకుంటంది, తెల్లారాక సూడాలి. ఇంకేటీ లేదు." నేను, "ఓడ చూశాను చిన్నాన్నా, తాడు సంగతి తెల్లారాక చూస్తాను" అని తిరిగి చెప్పాకే ఆయన కదిలేవారు. విన్నది తిరిగి చెప్పించుకోవడం ఆయన దగ్గర నేర్చుకున్నాను. నిద్రమత్తులో తలూపిన మనిషి విన్నట్టు లెక్క కాదు.

నడుముకు తాడు

ఈ భాగంలో బేరం లేదు. యాట్ మీంచి రాత్రి నీళ్ళలో పడిన మనిషి దొరకడం చాలా కష్టం. గంటకు 6 మైళ్ళ వేగమంటే నిమిషానికి 180 మీటర్లకు పైగా వెళ్ళిపోతుంది. మీరు అరిచి, మిగతావాళ్ళు లేచి, తెరచాప తిప్పేసరికి కెరటాల మధ్య తలకాయ కనపడదు. మీకు ఎంత ఈత వచ్చినా పడవ మీతో పాటు ఆగదు.

కాబట్టి లైఫ్ జాకెట్, దానికి హార్నెస్ (ఒంటికి బిగించే పట్టీలు), హార్నెస్‌కు తాడు. మెట్లెక్కి బయటికి అడుగుపెట్టే ముందే, లోపల నిలబడి ఉండగానే తాడు కొక్కెం తగిలించండి. ముందుకు వెళ్ళాలంటే డెక్ పొడవునా కట్టిన పట్టీకి తగిలించి వంగి నడవండి. రాత్రి ఒంటరిగా ముందు భాగానికి వెళ్ళకండి, ఇంకొకరిని లేపి చూస్తూ ఉండమనండి. మగవాళ్ళకు ప్రత్యేకంగా: మూత్రానికి రెయిలింగు దగ్గర నిలబడకండి. తెరచాప పడవల మీంచి ఇలా కూడా మనుషులు పడిపోతారు. కిందికి వెళ్ళి టాయిలెట్‌లో కూర్చోండి.

ఎవరైనా పడితే మొదట అరవండి. ఒకరు ఆ మనిషి వైపు వేలు చూపిస్తూ కన్ను తిప్పకుండా అలాగే ఉండాలి, ఇంకే పనీ చేయకూడదు. ఇంకొకరు తేలే వస్తువులన్నీ విసరాలి, జీపీఎస్ మీద ఎంఓబీ బటన్ (మనిషి పడిన చోటును గుర్తుపెట్టేది) నొక్కాలి. బయలుదేరిన మొదటి రోజే ఒక బకెట్టును విసిరి ఈ అభ్యాసం చేయించమని కెప్టెన్‌ను అడగండి.

వంట, నీళ్ళు

యాట్ వంటగదిలో మనవాళ్ళకు ఒక పెద్ద బలం ఉంది: ప్రెషర్ కుక్కర్. మూత బిగుసుకుంటుంది, పడవ ఎంత ఒరిగినా ఒలకదు, గ్యాస్ సగం ఆదా, దించాక వేడి నిలుస్తుంది. స్టవ్ ఊయలలా వేలాడుతూ ఉంటుంది, పడవ ఎటు ఒరిగినా అది నిటారుగా ఉంటుంది. అయినా గిన్నెలు సగానికి మించి నింపకండి. వంట చేసేవాళ్ళు మోకాళ్ళు దాటే మందపాటి ప్యాంటు వేసుకోవాలి. మరిగే నీళ్ళు తొడ మీద పడితే ఆసుపత్రి వెయ్యి మైళ్ళ దూరంలో ఉంటుంది. నడుముకు పట్టీ ఉంటే కట్టుకుని రెండు చేతులతో పని చేయండి. తినడానికి కంచాలు పనికిరావు, లోతు గిన్నెలు, చెంచాలు.

సరుకు ఎక్కించేటప్పుడు అట్టపెట్టెలు పడవ ఎక్కనివ్వకండి. వాటి మడతల్లో బొద్దింక గుడ్లు ఉండొచ్చు. రేవులోనే విప్పి, సరుకంతా ప్లాస్టిక్ డబ్బాల్లోకి మార్చండి. డబ్బా తిండి మీద కాగితం తడిసి ఊడిపోతుంది, మూత మీద మార్కరుతో పేరు రాసుకోండి. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు ఒకచోట పెడితే తొందరగా పాడవుతాయి. కోయని గుమ్మడికాయ నెలలు నిలుస్తుంది. క్యాబేజీని కత్తితో కోయకుండా పై ఆకు ఒక్కొక్కటీ వలుచుకుంటూ వాడితే రెండు మూడు వారాలు వస్తుంది. నీళ్ళతో కడగని, ఫ్రిజ్‌లో పెట్టని గుడ్లు తీసుకుని రెండు రోజులకొకసారి తిప్పి పెట్టండి. పచ్చి టమాటాలు, నిమ్మకాయలు, కంద, చేమ మంచివి. అరటిగెల మాత్రం ఒకే రోజు మొత్తం పండి కూర్చుంటుంది, దాన్ని మొదటి వారానికే లెక్కేసుకోండి.

మన ఊళ్ళ నుంచి ఏం పట్టుకెళ్ళాలంటే, నేను అటుకులు, పలాస జీడిపప్పు, భీమాళి మామిడి తాండ్ర, ఉద్దానం కొబ్బరికాయలు, ఆవకాయ, చల్లమిరపకాయలు, రాగిపిండి అంటాను. గాలివాన రోజు వంట కుదరదు. అప్పుడు అటుకులు నానబెట్టి బెల్లం, కొబ్బరి కలిపితే అందరికీ అదే భోజనం. ఫ్రాన్సు వాడైనా, ఆస్ట్రేలియా ఆమె అయినా తాండ్ర వద్దన్నవాళ్ళు నాకు కనపడలేదు. పెసలు రెండు కిలోలు తప్పక ఉండాలి. పన్నెండో రోజున ఆకుకూరలన్నీ అయిపోయాక తడిగుడ్డలో మొలకెత్తించిన పెసలే పచ్చిగా, కరకరలాడుతూ దొరికే తిండి. ఎండుచేపల విషయంలో ముందు తోటివాళ్ళను అడగండి. మూసిన పడవలో ఆ వాసన అందరిదీ అవుతుంది. పప్పు ముందు రాత్రే నానబెట్టండి, గ్యాసూ నీళ్ళూ కలిసొస్తాయి.

వెనక గాలం తాడు వదిలితే సూర చేప పడొచ్చు. పట్టింది తిన్నాకే మళ్ళీ తాడు వేయండి, పెద్ద చేప పాడైపోతే పారేయడం తప్పు. ఉదయం డెక్ మీద ఎగిరే చేపలు పడి ఉంటాయి, తాజాగా ఉంటే వేపుడుకు వస్తాయి.

నీళ్ళ లెక్క కాగితం మీద ఉండాలి. తాగడానికి మనిషికి రోజుకు మూడు లీటర్లు, వంటకు ఇంకొకటి. నలుగురికి ఇరవై ఐదు రోజులంటే 400 లీటర్లు. ఉప్పునీటిని మంచినీళ్ళు చేసే యంత్రం ఉన్నా సరే, ఆ యంత్రం రేపే చెడిపోతుందనుకుని నీళ్ళు నింపుకోండి. కొంత నీరు విడిగా క్యాన్లలో ఉండాలి. ట్యాంకు పగిలినా, ఉప్పు కలిసినా అవే ప్రాణం. గిన్నెలు సముద్రపు నీటితో తోమి, చివర కాస్త మంచినీళ్ళు చిలకరిస్తే చాలు. అన్నం వండేటప్పుడు నాలుగో వంతు సముద్రపు నీళ్ళు పోస్తే వేరే ఉప్పు అక్కర్లేదు, ఒడ్డుకు దూరంగా ఉన్నప్పుడే. దాహమైనా సముద్రపు నీరు తాగకూడదు. లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది, అది బయటికి పంపడానికి ఒంట్లో ఉన్న నీళ్ళే ఖర్చవుతాయి.

స్నానం బకెట్టు సముద్రపు నీటితో. ఒంటి సబ్బు ఆ నీటిలో నురగ రాదు, గిన్నెలు కడిగే లిక్విడ్ వస్తుంది. ఆఖర్న ఒక లీటరు మంచినీళ్ళతో ఒళ్ళు తుడుచుకోవాలి. ఒంటి మీద ఉప్పు మిగిలితే మూడో రోజుకు కూర్చునే చోట పుండ్లు లేస్తాయి. ఉప్పు పట్టిన బట్ట ఎంత ఎండలో వేసినా పూర్తిగా ఆరదు, రాత్రి మళ్ళీ చెమ్మగిల్లుతుంది. అందుకే పడక మీదికి తడి బట్టలతో ఎక్కకూడదన్నది అందరూ కలిసి పాటించాల్సిన నియమం. వాన జల్లు వస్తే అందరూ సబ్బుతో పైకి!

నిద్ర

కాపలా అయ్యాక ఇంకేమీ చేయకుండా పడుకోండి. ఫోన్‌లో ఫొటోలు చూద్దాం, కాసేపు కబుర్లు చెబుదాం అని గంట పోగొట్టుకుంటే ఆ గంట మళ్ళీ రాదు. పగటి నిద్ర మన ఇళ్ళలో బద్ధకం కింద లెక్క, ఇక్కడ అది డ్యూటీలో భాగం. ముందు భాగంలో ఉన్న అందమైన పడక రేవులో మాత్రమే బాగుంటుంది, సముద్రంలో అది మనిషిని ఎగరేస్తుంది. మధ్యలో, పడవ ఒరిగిన వైపు ఉన్న బెంచీ మీద పడుకుని, పక్కన గుడ్డ తెర బిగించి కట్టుకోండి. దొర్లిపడే భయం లేకపోతేనే ఒళ్ళు నిద్రకు లొంగుతుంది. దెబ్బ తగిలితే సాయం ఎంత ఆలస్యమవుతుందో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. 2018 సెప్టెంబరు 21న హిందూ మహాసముద్రం దక్షిణాన ఒంటరిగా భూమి చుట్టే పోటీలో ఉన్న మన నౌకాదళ కమాండర్ అభిలాష్ టోమీ పడవ తెరచాప స్తంభాలు విరిగి, ఆయన వెన్నుకు తీవ్రంగా గాయమైంది. పలు దేశాలు కదిలినా ఫ్రెంచి ఓడ ఆయన్ను చేరింది 24వ తేదీకి. ఆయన ఆ తరువాత కోలుకుని, 2023లో అదే పోటీని రెండో స్థానంలో పూర్తిచేశారు.

పొద్దున్నే పడవ చుట్టూ ఒక నడక

వెలుగు రాగానే ఒకరు తాడు తగిలించుకుని డెక్ అంతా నడిచి చూడాలి. రాత్రి ఏ తాడు దేనికి రాసుకుందో వేలితో తడిమి చూడండి, నూలు లేస్తే చోటు మార్చండి. డెక్ మీద చిన్న మేకో పిన్నో కనపడితే పారేయకండి. అది స్తంభం పైనుంచి ఎక్కడో ఊడి పడింది, ఎక్కడిదో కనుక్కునేదాకా అదే ఆ రోజు మొదటి పని.

తరువాత లోపల నేల చెక్క ఎత్తి అడుగున నీళ్ళు చేరాయేమో చూడాలి. నీళ్ళుంటే వేలు ముంచి నాలుక మీద పెట్టుకోండి. ఉప్పగా ఉంటే సముద్రం లోపలికి వస్తోంది, వెంటనే అందరినీ లేపి గొట్టాలు, వాల్వులు ఒక్కొక్కటీ చూడాలి. చప్పగా ఉంటే మీ తాగే నీళ్ళ ట్యాంకు కారుతోంది, దాని సంగతి చూడాలి. రెండూ పెద్ద విషయాలే, వైద్యం వేరు.

ఇంజను ఆయిలు, బెల్టు రోజూ చూడండి. టాయిలెట్ పంపులో తిన్నది తప్ప ఇంకేదీ పోకూడదు, కాగితం కూడా. అడ్డుపడితే విప్పేది మీలో ఒకరే. సాయంత్రం పొద్దు ఉండగానే తెరచాప ఒక మడత తగ్గించడం, అంటే రీఫ్ చేయడం, చిన్న క్రూ ఉన్న పడవలకు మంచి అలవాటు. రాత్రి నల్లమబ్బు కింద గాలి ఒక్కసారి రెట్టింపవుతుంది. తగ్గించాలా వద్దా అని అనుమానం వచ్చిన క్షణమే తగ్గించేయండి.

చెత్త: ప్లాస్టిక్ ఏదైనా, ఎంత చిన్నదైనా సముద్రంలో వేయడం అంతర్జాతీయ చట్టం ప్రకారం నేరం. తిండి వ్యర్థాలు ఒడ్డుకు 12 మైళ్ళ అవతల వేయొచ్చు. కవర్లు సముద్రపు నీటితో కడిగి, ముక్కలుగా కత్తిరించి ఖాళీ సీసాల్లో కుక్కితే మూడు వారాల చెత్త ఒక సంచిలో ఇముడుతుంది. ప్రతి ఏడూ మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఈ కవర్లనే తిండి అనుకుని మింగుతాయి. ఇది మన ఇంటి విషయం కూడా.

మనుషులు

రెండో వారంలో గాలి కన్నా మనుషులే ఇబ్బంది పెడతారు. ఒకరు గిన్నె కడగలేదు, ఒకరు మూడు నిమిషాలు ఆలస్యంగా లేచారు, ఇంతే. చిన్నగా ఉన్నప్పుడే, నవ్వుతూ, నేరుగా ఆ మనిషితోనే చెప్పండి. మూడో మనిషితో చెబితే పడవ రెండు ముక్కలవుతుంది. రోజుకొక భోజనం అందరూ కలిసి తినాలి. పొద్దు కుంకే ముందు, అందరూ మెలకువగా ఉన్న వేళ. అప్పుడే కెప్టెన్ వాతావరణం, రాత్రి ఏర్పాట్లు చెప్పాలి, ఎవరికి ఒంట్లో బాగాలేదో తెలుసుకోవాలి. వంట వంతుల వారీగా చేయండి, "అమ్మాయి కదా, వంట నువ్వు చూసుకో" అనే పడవలో మొదటి రోజే కాదని చెప్పండి.

ఇంటి మీద బెంగ వస్తుంది, సాధారణంగా మధ్యాహ్నాలు, గాలి పడిపోయి పడవ కదలనప్పుడు. అప్పుడు పని పెట్టుకోండి. ముడులు వేయడం, తెరచాప కుట్టడం, నక్షత్రాలు గుర్తుపట్టడం, డైరీ. ఎవరైనా రెండు రోజులుగా మాట తగ్గించి, తిండి తగ్గించి ఉంటే గమనించండి, టీ ఇచ్చి పక్కన కూర్చోండి.

తీరం కనిపించాక

చివరి రాత్రే ఎక్కువ జాగ్రత్త. ఒడ్డు దగ్గరయ్యేకొద్దీ ఓడలు, వేట పడవలు, వలలు ఎక్కువవుతాయి, అందరికీ తొందర పెరుగుతుంది. తెలియని రేవులోకి చీకట్లో వెళ్ళకండి. తెరచాప తగ్గించి బయటే నిలిపి, తెల్లవారాక వెళ్ళండి. వేరే దేశమైతే పసుపు జెండా ఎగరేసి, అధికారుల అనుమతి వచ్చేదాకా క్రూ ఒడ్డున కాలు పెట్టకూడదు. మిగిలిన కూరగాయలు, గుడ్లు, గింజలు ఉన్నవి ఉన్నట్టు చెప్పేయండి, కొన్ని దేశాలు వాటిని రానివ్వవు.

సిగ్నల్ రాగానే మొదటి ఫోన్ ఇంటికి. ఒడ్డున మొదటి రోజు నేల ఊగుతున్నట్టుంటుంది, రెండు రోజుల్లో పోతుంది, బండి మాత్రం నడపకండి. నిద్రపోయే ముందు ఇంకో పని మిగిలి ఉంది. లైఫ్ జాకెట్లు, హార్నెస్‌లు, కొక్కేలు మంచినీళ్ళతో బాగా కడిగి నీడన ఆరేయండి. ఉప్పు లోపల ఉండిపోతే తుప్పు మొదలయ్యేది అక్కడి నుంచే, తరువాత ఎక్కేవాళ్ళు వేలాడేది ఆ కొక్కెం మీదే.